వెళ్లకపోతే ఏం బాగుంటుంది?

మర్నాడే చిన్నాన్న కూతురి పెళ్లి. చుట్టాలంతా సముద్రపొడ్డున ఉన్న కెనెడీల ఇంటికి ఒక్కొక్కరుగా చేరుకుంటున్నారు. దారిలో వదినగారిని ఓ ద్వీపంలో దించేసి, భార్యతో కలిసి తనూ అక్కడికి వెళ్లాలి. బస్సులూ రైళ్ల బాధ లేదు. సొంత విమానం ఉంది. నడపడమూ వచ్చు. అలాంటప్పుడు వెళ్లకపోతే ఏం బాగుంటుంది?

1999 జులై 16, శుక్రవారం సాయంత్రం జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ పరిస్థితి ఇది. అమెరికాలో అతన్ని ఎరగనివాళ్లు లేరు. సరిగ్గా తన మూడో పుట్టినరోజు నాడు, తండ్రి శవపేటిక వెళ్తుంటే బుల్లి కోటు వేసుకుని సెల్యూట్ చేసిన పసివాడు. ఇప్పుడు 38 ఏళ్లవాడయ్యాడు. ఏడాది కిందటే, 1998 ఏప్రిల్‌లో, పైలట్ లైసెన్స్ వచ్చింది. నెలన్నర కిందట ఓ ప్రమాదంలో ఎడమ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. దాని కట్టు ముందురోజే విప్పి చేతికర్ర ఇచ్చారు.

న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ విమానాశ్రయానికి ఆరు గంటల లోపు వస్తానని చెప్పాడు. అలా వచ్చుంటే వెలుతురు ఉండగానే మార్తాస్ వైన్‌యార్డ్ ద్వీపం చేరిపోయేవాడు. అది వేసవి. అక్కడ ఎనిమిది దాటేదాకా పొద్దుంటుంది. కానీ శుక్రవారం సాయంత్రం న్యూయార్క్ ట్రాఫిక్ కెనెడీ అయినా ఒకటే, మరొకరైనా ఒకటే. విమానం రన్‌వే వదిలేసరికి 8 గంటల 38 నిమిషాలైంది. అప్పటికి పొద్దుగూకింది. లోపల అతనూ, భార్య కరోలిన్, ఆమె అక్క లారెన్. మరో గంటా మూడు నిమిషాలకు ఆ విమానం సముద్రంలో ఉంది. ముగ్గురూ పోయారు.

వాన లేదు. ఉరుముల్లేవు. ఇంజిన్‌లో లోపం లేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఏడాది పాటు శకలాలన్నీ శోధించి 2000 జులైలో తేల్చిందేమిటంటే... చీకటి, మసక. ఆ రెండింటి మధ్య ఎటు కిందో ఎటు పైనో పైలట్‌కు తెలియకుండా పోయింది. విమానం అదుపు తప్పింది.

'పైలట్ తప్పిదం' అన్నమాట.

పేపర్లలో తరచూ కనిపించే ఈ రెండు మాటలంత అన్యాయమైనవి విమానయానంలో మరొకటి లేవు. అబద్ధమని కాదు. ఆ మాట అనగానే ఫైలు మూసేసినట్టు ఉంటుంది. తప్పు గాల్లో, చివరి నిమిషంలో, చెయ్యి జారి జరిగినట్టు అనిపిస్తుంది. చిన్న విమానాల ప్రమాదాల నివేదికలు చదువుతూ పోతే కనిపించేది వేరు. చాలాసార్లు తప్పు నేలమీదే జరిగిపోయి ఉంటుంది. పైన జరిగింది దాని ఫలితం మాత్రమే.

కెనెడీ సంగతే చూడండి. అతనికి మొత్తం మీద సుమారు 310 గంటలు విమానం నడిపిన అనుభవం ఉంది. అందులో రాత్రిపూట 55. మరీ కొత్తవాడేం కాదు. ఈ దారీ కొత్త కాదు. అంతకుముందు పదిహేను నెలల్లో న్యూజెర్సీకీ ఈ ద్వీపాల వైపుకీ మధ్య 35 సార్ల దాకా తిరిగాడు. అయితే ఇప్పుడు నడుపుతున్న పైపర్ సారటోగా మునుపటి విమానం కంటే పెద్దది, వేగమైనది. పక్కన శిక్షకుడు లేకుండా దాన్ని నడిపింది అంతా కలిపి మూడు గంటలు. అందులోనూ రాత్రివేళ గంట కూడా లేదు. బయట ఏమీ కనిపించనప్పుడు మీటర్లు చూసి నడిపే శిక్షణలో సగం దాకా వచ్చాడు. మిగతా సగం ఇంకా బాకీ ఉంది.

ఈత అసలే రానివాడు చెరువులో లోతుకు వెళ్లడు. బాగా వచ్చినవాడు వెళ్లినా తిరిగొస్తాడు. ఎటొచ్చీ భయపడాల్సింది సగం వచ్చినవాడి గురించే.

ఆ రోజు శిక్షకుల్లో ఒకాయన, 'నేనూ వస్తాను' అన్నాడు. ఒంటరిగానే చేస్తానని కెనెడీ చెప్పాడు. ఎందుకలా అన్నాడో ఎవరూ చెప్పలేరు. వెనక సీట్లో ఇంటివాళ్లున్నారు. పెళ్లికి వెళ్తున్నారు. మధ్యలో మాస్టారు ఎందుకనుకున్నాడో, తన విమానాన్ని తను నడపలేనా అనుకున్నాడో. ఆ ఒక్క మాట దగ్గరే ప్రమాదం సగం జరిగిపోయింది.

అదే సాయంత్రం, అదే విమానాశ్రయం నుంచి, అదే ద్వీపానికి వెళ్దామనుకున్న మరో ప్రైవేటు పైలట్ ఉన్నాడు. గాల్లో మసక చూశాడు. ఎందుకొచ్చిన గొడవ అనుకుని ప్రయాణం మానుకున్నాడు. అతను వార్తల్లోకి ఎక్కింది కూడా కెనెడీ వెళ్లబట్టే. లేకుంటే, వెళ్లకుండా ఆగిపోయినవాళ్ల గురించి ఎవరు రాస్తారు? ఏ నివేదికలోనూ వాళ్ల లెక్క ఉండదు.

కనెక్టికట్ తీరం వెంబడి వెళ్లినంతసేపూ ఇబ్బంది లేదు. కింద ఊళ్ల దీపాలు వరసగా దారి చూపిస్తాయి. రోడ్ ఐలాండ్ దగ్గర తీరం వదిలి సముద్రం మీదుగా అడ్డంగా 30 మైళ్లు దాటాలి. తీరాన్నే పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లొచ్చు. దూరం కాస్త పెరుగుతుంది. ఆలస్యమైనవాడు చుట్టూ ఎందుకు తిరుగుతాడు? 5,500 అడుగుల ఎత్తులో నీళ్ల మీదికి మళ్లాడు. చంద్రుడు ఉన్నాడు కానీ సన్నటి నెలవంక. అదీ వెనకవైపు, పడమట. ముందంతా నలుపు. కింద నీళ్లు నలుపు, పైన ఆకాశం నలుపు, మధ్యలో మసక. ఆ రాత్రి అటుగా వెళ్లిన ఇంకో పైలట్ తర్వాత ఏం చెప్పాడంటే, ద్వీపం మీదికి వచ్చి కిందికి చూస్తే ఒక్క దీపమూ కనబడలేదట. ఊళ్లో కరెంటు పోయిందేమో అనుకున్నాడట!

విమానం తిన్నగా ఉందో లేదో మనిషికి ఎలా తెలుస్తుంది? నింగీ నేలా కలిసే గీత చూసి. అది కనిపించినంతసేపూ ఎవరూ దాని గురించి ఆలోచించరు. అది మాయమైన మరుక్షణం, భారమంతా చెవి మీద పడుతుంది. అవును, చెవే. చెవి లోపలి భాగంలో ద్రవం నిండిన మూడు సన్నటి అర్ధవలయ గొట్టాలుంటాయి. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదలికను బట్టి, ఎటు తిరుగుతున్నామో మెదడుకు తెలుస్తుంది.

ఒప్పులకుప్ప ఆడనివాళ్లు ఉండరు. చేతులు పట్టుకుని గిర్రున తిరిగి, హఠాత్తుగా ఆగితే ఏమవుతుంది? మనిషి ఆగినా ద్రవం ఆగదు. లోకమంతా ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది. పిల్లలు నవ్వుతూ కిందపడతారు. విమానంలో జరిగేది దీనికి రెండోవైపు. ఒకే వేగంతో, నెమ్మదిగా, ఒకవైపు తిరుగుతూ ఉంటే కొద్దిసేపటికి ద్రవం కూడా దాంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. ఇక మెదడుకు కబురు అందదు. విమానం వంగి తిరుగుతూనే ఉంటుంది, పైలట్ మాత్రం తిన్నగా పోతున్నాననే నమ్ముతాడు. ఎవరైనా సరిచేయబోతే, ఇప్పుడే అటు వంగిపోతున్నామని ఒళ్లంతా గగ్గోలు పెడుతుంది.

ఒకవైపు వంగిన విమానం ముక్కు నెమ్మదిగా కిందికి దిగుతుంది. వేగం పెరుగుతుంది. ఎత్తు తగ్గుతోందని గమనించిన పైలట్ ఏం చేస్తాడు? స్టీరింగ్‌లాంటి ఆ యోక్‌ను తనవైపు లాగుతాడు. విమానం తిన్నగా ఉంటే అది సరైన పనే. వంగి ఉన్నప్పుడు లాగితే మలుపు ఇంకా బిగుసుకుంటుంది. మరింత కిందికి. మరింత లాగుడు. దీనికి పైలట్లు పెట్టుకున్న పేరు 'గ్రేవ్‌యార్డ్ స్పైరల్'. శ్మశానానికి తీసుకుపోయే సుడి. రాడార్ రికార్డుల్లో కెనెడీ విమానం చివరి నిమిషాలు ఇలాగే ఉన్నాయి. కుడికి, ఎడమకి, కాస్త పైకి, మళ్లీ కుడికి... ఆఖర్న నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో కిందికి. రేడియోలో సాయం కోరిన మాట ఒక్కటీ లేదు. ప్రమాదంలో ఉన్నానని తెలిస్తే కదా అడగడానికి!

ఎదురుగా మీటర్లు ఉన్నాయి. విమానం ఎంత వంగిందో చూపించే గడియారంలాంటి పరికరం కళ్లముందే ఉంది. ఆటోపైలట్ కూడా ఉంది. మీటరును నమ్మితే చాలదా అని అడగడం తేలిక. కానీ ఒళ్లు చెప్పేదొకటి, మీటరు చెప్పేదొకటి అయినప్పుడు మీటరు మాటే వినడం పుట్టుకతో రాదు. గంటల తరబడి సాధన చేస్తేనే వస్తుంది. బాకీ ఉన్న ఆ సగం శిక్షణలో నేర్పేది ముఖ్యంగా అదే.

ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1954లో ఈ సంగతి పరీక్షించి చూశారు. మీటర్లు చూసి నడపడం రాని 20 మందిని ఎంచుకున్నారు. పక్కన శిక్షకుణ్ని కూర్చోబెట్టి, గాల్లోకి వెళ్లాక బయట ఏమీ కనిపించకుండా చేశారు. 20 మందీ అదుపు తప్పారు. ఒకరు 20 సెకన్లలోనే. అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డవాడు 8 నిమిషాలు. సగటు 178 సెకన్లు. మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ఈ 178 అనే అంకె పైలట్ల లోకంలో సామెతలా నిలిచిపోయింది. అయితే ఆ పరీక్షలో రెండో భాగం గురించి అంతగా చెప్పుకోరు. అదే మనుషులకు, మబ్బులో ఇరుక్కుంటే కంగారు పడకుండా నిదానంగా వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటపడే పద్ధతి నేర్పారు. నేర్చుకున్నాక ఇంచుమించు అందరూ గట్టెక్కారు.

వెనక్కి తిరగడం అంత కష్టమైన విద్య కాదన్నమాట. కష్టమల్లా తిరగాలని అనుకోవడమే.

దీనికీ అక్కడి పైలట్లు ఓ ముద్దు పేరు పెట్టారు. 'గెట్ దేర్ ఐటిస్'. చేరి తీరాలన్న జబ్బు! అమెరికా విమానయాన శాఖ శిక్షణ పుస్తకాల్లో పైలట్‌ను చంపే ఐదు బుద్ధుల గురించి ఉంటుంది. మన భాషలో చెప్పుకుంటే 'నాకెవరు చెప్పేది', 'ఏదో ఒకటి, త్వరగా', 'నాకేం కాదు', 'చేసి చూపిస్తా', 'ఇక నా చేతుల్లో ఏముంది'. ప్రతిదానికీ విరుగుడు మాట కూడా రాసిపెట్టారు. 'నాకేం కాదు' అనిపించినప్పుడు 'నాకూ జరగొచ్చు' అని పైకి అనుకోవాలి. అదే జాబితా తెలుగువాళ్లు రాస్తే ఆరోది తప్పకుండా చేర్చేవాళ్లు. 'వెళ్లకపోతే ఏం బాగుంటుంది!'

'చేసి చూపిస్తా'కు దూరం వెళ్లక్కర్లేదు. 1980 జూన్ 23 ఉదయం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం మీద పిట్స్ ఎస్-2ఏ అనే విన్యాసాల విమానంలో సంజయ్ గాంధీ పల్టీలు కొట్టాడు. ఆ పల్టీలు కొట్టడానికే పుట్టిన విమానం అది. చాలినంత ఎత్తు ఉంటే తప్పు జరిగినా సరిదిద్దుకునే వీలుంటుంది. చాలినంత ఎత్తు లేదు. 33 ఏళ్ల సంజయ్‌తో పాటు కెప్టెన్ సుభాష్ సక్సేనా కూడా చనిపోయాడు. విమానం తెలిసిన మనిషి పక్కన ఉన్నా ప్రమాదం ఆగలేదు. ప్రధానమంత్రి కొడుకు 'ఇంకొక్కటి' అంటే కాదనగలిగేవాళ్లు అప్పట్లో దేశంలో ఎందరున్నారు?

ఎవరు కాదంటారు అన్నదే అసలు ప్రశ్న. పెద్ద విమానాల్లో ఆ ఏర్పాటు ఉంది. ఇద్దరు పైలట్లు, నేలమీద వాతావరణం చూసి చెప్పే డిస్పాచర్, ఇంత కనబడితేనే దిగాలన్న అంకెలు, ఇన్ని గంటలు దాటితే ఎక్కకూడదన్న లెక్కలు. ప్రయాణికుడు ఎంత గొడవ చేసినా 'రూల్ ఒప్పుకోదండీ' అనేస్తే సరిపోతుంది. కాదనే పని మనిషి నుంచి తీసి కాగితానికి అప్పగించారు. సొంత విమానంలో అలా కుదరదు. వెళ్లాలని తహతహలాడేదీ అతనే, వద్దని చెప్పాల్సిందీ అతనే.

1959 ఫిబ్రవరి 3 అర్ధరాత్రి దాటాక అయోవా రాష్ట్రంలోని మేసన్ సిటీ నుంచి లేచిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో వెళ్లాలని తహతహలాడింది ప్రయాణికులు. బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, జె.పి. రిచర్డ్‌సన్... ముగ్గురూ రాక్ అండ్ రోల్ పాటగాళ్లు. వాలెన్స్‌కు పదిహేడేళ్లే. కచేరీల యాత్రలో తిప్పుతున్న బస్సులో హీటరు పనిచేయక చలికి గడ్డకట్టుకుపోతున్నారు. త్వరగా చేరితే కాస్త పడుకోవచ్చనీ, బట్టలు ఉతికించుకోవచ్చనీ విమానం మాట్లాడుకున్నారు. పైలట్‌కు 21 ఏళ్లు. మీటర్లతో నడిపే పరీక్ష అంతకుముందు ఏడాది తప్పాడు. దారిలో వాతావరణం పాడవుతోందన్న హెచ్చరికలు అతనికి చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. పైగా ఆ విమానంలో ఉన్న పరికరం, అతను అలవాటుపడ్డవాటికి తిరగేసిన పద్ధతిలో చూపిస్తుంది. బయల్దేరిన కొద్ది నిమిషాలకే మంచు కప్పిన పొలంలో పడిపోయింది. నలుగురూ మరణించారు. ఆ రాత్రి బయల్దేరడమే తెలివితక్కువ నిర్ణయమని విచారణలో తేల్చారు. 21 ఏళ్ల కుర్రాడు, పేరున్న ముగ్గురు పాటగాళ్లతో 'ఈ రాత్రికి వద్దులెండి' అని చెప్పగలడా అన్నది నివేదికలో ఉండే ప్రశ్న కాదు.

అనుభవం ఉంటే చెప్పగలరా? అదీ నమ్మకం లేదు. 2020 జనవరి 26న లాస్ ఏంజిల్స్ దగ్గర కొండను ఢీకొన్న హెలికాప్టర్ పైలట్‌కు 8,500 గంటలకు పైగా అనుభవం. మీటర్లతో నడిపే అర్హతా ఉంది. బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, అతని 13 ఏళ్ల కూతురు జియానా సహా తొమ్మిది మంది చనిపోయారు. మబ్బులు కిందికి దిగిపోయిన ఉదయం అది. చివర్లో పైలట్ రేడియోలో 4,000 అడుగులకు ఎక్కుతున్నానని చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు హెలికాప్టర్ కిందికి దిగుతోంది. మళ్లీ అదే చెవి, అదే మోసం. 2021 ఫిబ్రవరిలో దర్యాప్తు మండలి తేల్చిన విషయాల్లో ఆలోచించాల్సింది ఒకటుంది. వెళ్లి తీరాలని బ్రయంట్ ఒత్తిడి చేసిన ఆధారం లేదు. కంపెనీ చేసిన ఆధారమూ లేదు. ఒత్తిడి పైలట్ తనకు తాను తెచ్చుకున్నది. పెద్దమనిషి, మంచివాడు, నమ్ముకుని ఎక్కాడు, గమ్యానికి చేర్చకపోతే ఏం బాగుంటుంది...

ఇక తెలుగువాళ్లు మరిచిపోలేని తేదీ 2009 సెప్టెంబరు 2. చిత్తూరు జిల్లాలో రచ్చబండ కోసం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి బెల్ 430లో బయల్దేరారు. అందులో ఇద్దరు పైలట్లున్నారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ గురించి హెచ్చరిక రావడంతో ఇద్దరి దృష్టీ దానిమీదే చిక్కుకుపోయిందనీ, ఈలోగా హెలికాప్టర్ దారి పక్కకు జరిగి భీకరమైన వాతావరణంలో చిక్కుకుందనీ, గాలి బలంగా కిందికి తోసేసిందనీ విచారణ సంఘం చెప్పింది. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు దొరికేదాకా రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఐదుగురూ లేరు. రెండో మనిషి ఉండి కూడా, ఇద్దరి కళ్లూ ఒకే మీటరు మీద ఉంటే ఆ రెండో మనిషి లేనట్టే.

కాదనే రెండో మనిషిని యంత్రంగానైనా తెచ్చిపెట్టలేమా అన్న ఆలోచన పాతదే. సిరస్ అనే అమెరికన్ కంపెనీ తన చిన్న విమానాలకు ఏకంగా పారాచూట్ కట్టింది. పైలట్‌కు కాదు, విమానానికే! తల మీద ఉన్న ఎర్ర పిడి లాగితే చాలు, విమానం మొత్తం గొడుగు కింద వేలాడుతూ నేలకు దిగుతుంది. 2002 అక్టోబరులో టెక్సాస్‌లో ఒక పైలట్ మొదటిసారి అలా బతికి బయటపడ్డాడు. ఇక ఈ విమానాల్లో ప్రాణాలు పోవనుకున్నారు. పోయాయి. తొలి ఏళ్లలో మిగతా చిన్న విమానాలకంటే మెరుగ్గా ఏమీ లేదు. కారణం, పిడి లాగనేలేదు. కొందరు లాగినా ఆలస్యంగా లాగారు. లాగితే లక్షల డాలర్ల విమానం పాడవుతుంది, నడపడం చేతకాక లాగాడంటారు, ఇంకొంచెం చూద్దాం... తర్వాత శిక్షణ మార్చారు. ఆలోచించకండి, ముందు లాగండి అని పదేపదే నేర్పారు. లాగినవాణ్ని ఎగతాళి చేయకుండా అభినందించడం మొదలుపెట్టారు. అప్పుడు మరణాలు తగ్గాయి. మారింది పారాచూట్ కాదు.

2020లో ఇంకో అడుగు పడింది. గార్మిన్ కంపెనీ తయారుచేసిన ఆటోల్యాండ్ అనే ఏర్పాటుకు అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఒక్క మీట నొక్కితే విమానం తనే దగ్గర్లోని రన్‌వే వెతుక్కుని, కంట్రోల్ టవర్‌కు తనే కబురు చెప్పి, దిగి, ఆగి, ఇంజిన్ కూడా ఆపేస్తుంది. పైలట్‌కు ఏ గుండెపోటో వస్తే ఏం చేయాలన్న ప్రశ్నతో పుట్టిన పరికరం అది. అందుకే దాన్ని నొక్కడానికి లైసెన్స్ అక్కర్లేదు. మీట ఎక్కడుందో బయల్దేరే ముందే ప్రయాణికులకు చూపిస్తారు.